వాళ్లు మేస్త్రీకి ఫోన్ చేస్తరా?

(గోపాల్‌పేటలో ఆదివాసీ, గిరిజన విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినం. కొన్ని చోట్ల వాక్యాలు సరిచేసినం.)

అమ్రాబాద్ దిక్కు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన చెంచు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మరీ మరీ జోహార్లు.

నన్ను పిలిచినవాళ్లు "యూనివర్సిటీల డిజిటల్ ఇన్నోవేషన్ ప్రాజెక్టులు, మన రోజువారీ సమస్యలు" అని టాపిక్ ఇచ్చిన్రు. పేరు పెద్దగుంది. నేను నాకు తెలిసిన చిన్న ముచ్చట నుంచి మొదలుపెడత.

ఏడేళ్ల కిందటి మాట. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న. ఒక యూనివర్సిటీ నుంచి టీమ్ వచ్చింది. పేరు చెప్పను, అవసరం లేదు. వచ్చిన పిల్లలు మంచోళ్లే, మా ఇంట్లో జొన్న రొట్టె తిన్నరు, తండాలో పండుకున్నరు. వలస పోయే కూలీల కోసం యాప్ చేస్తున్నమన్నరు. గుంపు మేస్త్రీ దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకున్నరు, ఎన్ని రోజులు పని చేసిన్రు, ఎంత కోసుకున్నడు, ఇంకా ఎంత రావాలె, ఇవన్నీ ఫోన్‌లో ఎక్కించుకుంటే లెక్కలో మోసం ఉండదని చెప్పిన్రు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసిన జిల్లా మనది. ఆ ఆలోచన నాకు తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. నెలకు 12 వేలకు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరిన. చేతిలో ఒక ట్యాబ్, మెడలో ఒక కార్డు. మా అమ్మ ఆ కార్డు చూసి నాకు సర్కారు నౌకరి వచ్చిందనే అనుకుంది.

ట్యాబ్‌లో 118 ప్రశ్నలు. ఎవరు రాసిన్రో గాని, "మీ కుటుంబ రుణ సేకరణ విధానాన్ని వివరించండి" అని ఒక ప్రశ్న. దాన్ని నేను గోర్‌బోలిలో "పైసలు తక్కువ పడితే ఎవరింటికి పోతరు?" అని అడిగేదాన్ని. అట్లా అడిగితేనే జవాబు వచ్చేది. ఆ తర్జుమా పని ఎవరి లెక్కలోకీ రాలేదు, అది వేరే సంగతి.

మా తండాలోనే ఒక ముసలి యాడీ ఉంటది. ఆమె కొడుకు, కోడలు పుణె దగ్గర బిల్డింగ్ పనికి పోయిన్రు. 23 వేలు మేస్త్రీ దగ్గర ఆగినయి. మనుమరాలిని బడికి పంపుడు ఈమె మీదనే పడ్డది. ఆమె 118 ప్రశ్నలకూ ఓపికగా చెప్పింది. మధ్యలో పొయ్యి మీద నీళ్లు మరిగిపోతే లేచి దింపి మళ్లీ వచ్చి కూసుంది. అంతా అయినంక అడిగింది, "ఇది ఎవరికి పోతది బిడ్డా?"

"హైదరాబాద్‌ల సార్లకు పోతది యాడీ."

"వాళ్లు మేస్త్రీకి ఫోన్ చేస్తరా?"

నా దగ్గర జవాబు లేదు. "పైవాళ్లకు చెప్తరు" అని ఏదో అన్న. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. కోపం కాదు. నేను చిన్నపిల్లనని అర్థమైనట్టు చూసింది.

తర్వాత యాప్ వచ్చింది. మా తండాలో, పక్క తండాలో పది పదిహేను మంది కుర్రాళ్లు నిజంగా వాడిన్రు. ప్రతి రాత్రి ఆ రోజు పని ఎక్కించేవాళ్లు. 14 నెలలకు ప్రాజెక్టు పైసలు అయిపోయినయి. ట్యాబ్‌లు వాపసు తీసుకున్నరు. కొన్నాళ్లకు యాప్ తెరిస్తే చక్రం తిరుగుడు తప్ప ఏమీ లేదు. సర్వర్ ఆపేసిన్రట. సరిగ్గా ఆ టైంలోనే ఒక అబ్బాయికి 41 రోజుల కూలీ దగ్గర పంచాయితీ వచ్చింది. పెద్దమనుషుల ముందు ఫోన్ తీసిండు. ఖాళీ తెర. మేస్త్రీ అంగీ జేబులకెళ్లి చిన్న నోటుపుస్తకం తీసిండు, నూనె మరకలు పడ్డది. దాంట్ల ఆయనకు నచ్చిన లెక్క ఉంది. పంచాయితీ ఆ నోటుపుస్తకం ప్రకారమే తెగింది.

ఆ ప్రాజెక్టు మీద పేపర్ వచ్చింది, విదేశాల్లో ఎక్కడో చదివిన్రు. అందులో మా గురించి "స్థానిక సహాయకులు" అని ఒక్క ముక్క ఉంది. నేను దాని మీద ఏడుస్తలేను. నన్ను తినేది ఆ 41 రోజులు.

ఇంకొకటి నాకు తర్వాత తెలిసింది. వేరే రాష్ట్రానికి తీసుకుపోయే ప్రతి కూలీకి కాంట్రాక్టరు ఫొటో అతికించిన పాస్‌బుక్ ఇయ్యాలని, కూలి రేటు, కోతలు అందులో రాయాలని 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలోనే ఉండేది. అంటే మనం యాప్‌లో కనిపెట్టింది ఎప్పుడో చట్టంలో రాసిపెట్టినదే. మా తండాలో ఆ పాస్‌బుక్ కండ్లతో చూసినవాళ్లు ఒక్కరు లేరు. సమస్య లెక్క రాసుకునే పరికరం లేక కాదు. ఆ లెక్క మీ దగ్గర ఉండాలె, దాన్ని చూపిస్తే జవాబు చెప్పాల్సిన మనిషి ఉండాలె. ఈ రెండూ యాప్‌లో పెట్టలేదు.

అప్పటి నుంచి ఏ డిజిటల్ ప్రాజెక్టు గురించి విన్నా ఆ యాడీ ప్రశ్ననే వేసి చూస్తున్న. మన మాట అటు పోతది సరే, ఇటు ఏమొస్తది? అట్లా చూస్తే అన్నీ ఒకే తీరుగ లేవు. మంచివి కూడా ఉన్నయి, అవి చెప్పకపోతే నేను అన్యాయం చేసినట్టు.

మన తెలంగాణలోనే ఈ-సాగు అని ఒకటి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ పి. కృష్ణారెడ్డి నడిపించిన ప్రాజెక్టు. 2004లో వరంగల్ జిల్లా పత్తి రైతుల దగ్గర మొదలైంది. పైసలు కేంద్ర ప్రభుత్వ సంస్థ మీడియా ల్యాబ్ ఏషియా నుంచి. అప్పటికి ఊర్లలో ఇంటర్నెట్ ఎక్కడిది? ఊర్లోనే ఉండే కోఆర్డినేటర్ చేను చేనుకు తిరిగి మొక్కల ఫొటోలు తీసేవాడు. ఆ ఫొటోలు సీడీల్లో ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవాళ్లు. అక్కడ వ్యవసాయ నిపుణులు ఒక్కో చేను ఫొటోలు చూసి ఏ పురుగు, ఏ మందు, ఎంత, లేదా మందే వద్దు అని రాసి పంపేవాళ్లు. అది మళ్లీ ఊరికొచ్చి రైతు చేతికి అందేది. అందులో నాకు నచ్చింది ఏమిటంటే రైతు ప్రశ్న అడగాల్సిన పని లేదు. చదువు రానవసరం లేదు. మన చేను వాళ్లు చూస్తరు, మనకు జవాబు పంపుతరు. ఫొటో అటు పోయింది, సలహా ఇటు వచ్చింది. కానీ ఫొటో తీసేవాళ్లకు, సలహా రాసేవాళ్లకు ఏటా జీతం ఎవరియ్యాలె? ఈ తీరు పని ఎక్కడ మొదలైనా ఆ ప్రశ్న దగ్గరనే చిక్కుకుంటది.

ఇప్పుడు ఇంకో ఫొటో గురించి చెప్తా. ఉపాధి హామీ పని దగ్గర మేట్లు ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి పెట్టుడు మీ అందరికీ తెలుసు. 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. ఆ ఫొటో కూడా అటు పోతది. ఇటు ఏమొస్తది? సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే కూలీ ఆగుతది. చేతిలో అదే ఫోన్, అదే కెమెరా. ఈ-సాగులో చేనును చూసింది, ఇక్కడ మనిషిని కాపలా కాస్తున్నది.

2018లో మన రాష్ట్రంలో రైతుబంధు మొదటిసారి చెక్కులుగా ఇచ్చిన్రు గుర్తుందా? ఎకరానికి 4 వేలు. అప్పుడు కొందరు విదేశీ యూనివర్సిటీ పరిశోధకులు, కార్తీక్ మురళీధరన్ అందులో ఒకరు, ప్రభుత్వంతో కలిసి ఒక ప్రయోగం చేశారు. దాంట్లో యాప్ లేదు, ట్యాబ్ లేదు. లాటరీ పద్ధతిలో ఎంచుకున్న మండలాల్లో అధికారులకు ముందే ఒక మాట చెప్పిన్రు: మీ రైతులకు మేం ఫోన్ చేసి చెక్కు అందిందా లేదా అని అడుగుతం. అంతే. 57 లక్షల మంది రైతులకు సంబంధించిన పథకం అది. ఆ ఒక్క మాటతో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికి ఖర్చు 3.6 పైసలు. మా 118 ప్రశ్నల కన్నా ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేసింది, ఎందుకంటే ఆ ప్రశ్న అధికారికి వినబడింది.

ఇందులో కూడా మన వాటా ఎంత అని అడగాలె. రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకు ఇచ్చిన్రు. కౌలుకు చేసేవాళ్లకు, పోడు చేసుకుంటూ పట్టా రానివాళ్లకు ఆ ఫోన్ రానేలేదు. లిస్టులో పేరుంటేనే "అందిందా" అని అడుగుతరు. లిస్టులో లేనోళ్లను అడిగే ఫోన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ యాడీ ప్రశ్నకు బాగా దగ్గరగా వచ్చింది మాత్రం మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లోని సీజీనెట్ స్వర. 2010లో మొదలైంది. శుభ్రాంశు చౌదరి అనే జర్నలిస్టు, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా వాళ్లు కలిసి చేసింది. దానికి వాడిన సాఫ్ట్‌వేర్ అమెరికాలోని ఎం.ఐ.టి. యూనివర్సిటీలో పుట్టింది. చిన్న బటన్ ఫోన్ చాలు. మిస్డ్ కాల్ ఇస్తే వాపసు ఫోన్ వస్తది, ఒక నంబర్ నొక్కి గోండిలోనో హిందీలోనో నీ మాట రికార్డు చేయొచ్చు. చేతిపంపు పాడైంది, టీచర్ వస్తలేడు, ఉపాధి కూలి రాలేదు, ఏదైనా. దాన్ని విని, నిజమా కాదా అని కనుక్కొని అందరికీ వినిపిస్తరు. మాట చివర ఆ పని చూసే అధికారి ఫోన్ నంబర్ కూడా ఉంటది. విన్నవాళ్లు, ఎక్కడెక్కడో సిటీలో ఉన్నవాళ్లు, ఆ అధికారికి ఫోన్ చేసి "ఫలానా ఊర్లో చేతిపంపు ఏమైంది?" అని అడుగుతరు.

చూసిన్రా? వాళ్లు మేస్త్రీకి ఫోన్ చేస్తరు.

కూలీ డబ్బుల విషయంలో అచ్చంగా ఇదే పని రాజస్థాన్ దిక్కు ఆజీవికా బ్యూరో అనే సంస్థ లేబర్ లైన్ పేరుతో చేస్తున్నది. అది యూనివర్సిటీ కాదు. కూలీ ఫోన్ చేసి చెప్తే అక్కడున్నవాళ్లు కాంట్రాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడతరు, తెగకపోతే చట్టం దారి చూపిస్తరు. మా యాప్ చేసిన సార్లు ఒక్కసారి అక్కడికి పోయి కూసుంటే బాగుండేది అనిపిస్తది నాకు.

యూనివర్సిటీ అంటే ఊరికి ట్యాబ్ పట్టుకొని వచ్చుడే కాదు. ఊరికి రాకుండా కూడా పనికొచ్చే పని చేయొచ్చు. ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో ప్రతి కూలీ పేమెంటు వివరం అందరికీ కనబడేలా ఉంటది. 2016-17 సంవత్సరానికి పది రాష్ట్రాల్లో 90 లక్షలకు పైగా పేమెంట్లను కంప్యూటర్ ప్రోగ్రాములతో దించుకుని కొందరు పరిశోధకులు లెక్క కట్టారు. రాజేంద్రన్ నారాయణన్, సకీనా ధోరాజీవాలా, రాజేశ్ గోలానీ చేసిన ఆ అధ్యయనాన్ని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ అచ్చువేసింది. టైం ప్రకారం అందిన పేమెంట్లు 21 శాతమే అని తేలింది. అంటే అయిదింట్లో నాలుగు ఆలస్యం. సర్కారు సొంత లెక్కలతోనే సర్కారును పట్టుకున్నారు. ఆ లెక్క సుప్రీంకోర్టు దాకా పోయింది, 2018 మేలో స్వరాజ్ అభియాన్ కేసు తీర్పులో కూలి ఆలస్యంగా ఇచ్చుడు తప్పని కోర్టు చెప్పింది. కూలీలకు ఒక్క ప్రశ్న వేయకుండానే, వాళ్ల ఒక్క పూట పని పాడుచేయకుండానే ఇదంతా జరిగింది. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నరు? చేతులెత్తండి. సరే, తొమ్మిది మంది. ఇది మీరు చేయగలిగే పని. మీ మండలం డేటాతో మొదలుపెట్టొచ్చు.

ఇక భాష సంగతి. ఇది ఇప్పుడు ముంచుకొస్తున్న సంగతి గనుక కొంచెం ఆగి చెప్తా.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత చేతిరాత పుస్తకాలు బయటపడి, గోండి లిపి ఒకటి ఉందని లోకానికి తెలిసింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని దళిత, ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం, జయధీర్ తిరుమలరావు లాంటి పెద్దలు దాని మీద పని చేశారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఇప్పుడు ఆ అక్షరాలు ఏ ఫోన్‌లోనైనా రాయడానికి దారి పడింది. ఇది నిజమైన లాభం. ప్రాజెక్టు పైసలు ఆగిపోయినా యూనికోడ్ నుంచి అక్షరాన్ని ఎవరూ తీసేయలేరు, మా సర్వర్ లెక్క కాదు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, సీజీనెట్ స్వర, నయా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీ లాంటివి కలిసి గోండి కోసం చేసిన పని మీద 2020లో వచ్చిన పేపర్‌లో, దాదాపు 12 వేల పదాలు, వాక్యాలు తర్జుమా చేయించామని, ముందు ముందు సాయం చేయగల 650 మందికి పైగా గోండి మనుషులను గుర్తించామని ఉంది. నిఘంటువు, పిల్లల కథలు కూడా వచ్చినయి. అందులో కొంత వాపసు వచ్చినట్టే.

కానీ ఇప్పుడు ఏ.ఐ. కాలం. మన గొంతులకే ధర వచ్చింది. గోర్‌బోలి మాట్లాడే పిల్లలను గంటకు ఇంత అని ఇచ్చి రికార్డు చేయించుకుంటమని అడుగుతున్నరు. నిరుద్యోగంలో ఉన్న పిల్లకు గంటకు మూడు వందలు వస్తయంటే నేను వద్దని చెప్పలేను. చెప్పను కూడా. అయితే న్యూజిలాండ్‌లో మావోరీలు ఏం చేసిన్రో వినండి. తే హికు మీడియా అని వాళ్ల సొంత రేడియో సంస్థ. 2018లో వాళ్లే పిలుపిచ్చి, పది రోజుల్లో 300 గంటలకు పైగా తమ భాష రికార్డు చేయించుకున్నరు. దాంతో మావోరీ మాటను అక్షరంగా మార్చే పరికరం వాళ్లే తయారు చేసుకున్నరు. పెద్ద కంపెనీలు ఆ రికార్డింగులు అడిగితే ఇయ్యమన్నరు. భూములు పోయినయి, ఇక డేటా పోనియ్యం అనేది వాళ్ల లెక్క. దానికి సొంతంగా ఒక లైసెన్సు రాసుకున్నరు: ఈ గొంతులకు మేం కాపలాదారులం, వాడాలంటే మమ్మల్ని అడగాలె.

ఆఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికొచ్చే పరిశోధకుల కోసం ఒక నియమావళి రాసుకున్నరు. గౌరవం, నిజాయితీ, న్యాయం, జాగ్రత్త, పద్ధతి ప్రకారం రావడం. మా పెద్దల మండలికి చెప్పకుండా మా ఇండ్లలోకి రావద్దు అన్నరు. సాన్ వాళ్లు మన చెంచుల్లాగే వేట, సేకరణ మీద బతికినవాళ్లు. వాళ్లు రాసుకోగలిగితే మనం ఎందుకు రాసుకోలేం?

చెంచు తమ్ముళ్లూ, ఇది మీకు మాకన్నా ఎక్కువ అవసరం. తండాలో మేం పోగొట్టుకునేది కూలీ లెక్క. మీ దగ్గర ఏ చెట్టు మీద తేనె పడతది, ఏ గడ్డ ఏ జబ్బుకు పనికొస్తది అనే తెలివి ఉంది. జీపీఎస్ పట్టుకొని మీ వెంట అడవిలో నడిచి ఆ చెట్లన్నీ మ్యాపులో పెడితే, ఆ మ్యాపు రేపు ఎవరి చేతికి పోతది? అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(1)(కె) అని ఉంది. జీవవైవిధ్యానికి, సంస్కృతికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికే మేధో హక్కు ఉందని అది చెప్తుంది. పోడు పట్టా గురించి అందరం మాట్లాడతం, ఈ సెక్షన్ గురించి ఎవరం మాట్లాడం. ఇంకోటి, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో ఒప్పుకోలు వాపసు తీసుకోవచ్చు, డేటా తీసేయమని అడగొచ్చు అని ఉంది గాని, పరిశోధన కోసం అంటే దానికి మినహాయింపులు కూడా పెట్టిన్రు. అందుకే చట్టం చూసుకుంటదిలే అని కూసుంటే కాదు. ముందే కాగితం మీద రాయించుకోవాలె.

ఉన్నత్ భారత్ అభియాన్ కింద చేరిన ప్రతి కాలేజీ కనీసం అయిదు ఊర్లను దత్తత తీసుకోవాలె. మీలో చాలామంది ఈ చుట్టుపక్కల కాలేజీల్లో చదువుతున్నరు. వనపర్తి జె.ఎన్.టి.యు. వాళ్లున్నరు, పాలమూరు యూనివర్సిటీ వాళ్లున్నరు, బాసర ట్రిపుల్ ఐటీ నుంచి ఇద్దరు వచ్చిన్రు. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు టాపిక్ వెతుకుతరు కదా. సీనియర్ల దగ్గర ఫైలు కొని పేరు మార్చి పెడతరు, నాకు తెలుసు, నవ్వకండి. ఆ పని మానేసి తండాకు పోయి రాత్రి పూట కూసోండి. ఏం సమస్య అని అడగకండి, అట్లా అడిగితే రోడ్డు, నీళ్లు అని చెప్తరు. మొన్న ఏ పని మీద ఆఫీసుకు పోయిన్రు, ఎన్నిసార్లు తిరిగిన్రు, ఎవరు ఏమన్నరు అని అడగండి. మీ ప్రాజెక్టు అందులో దొరుకుతది. అది వట్టి ఎక్సెల్ షీటే కావచ్చు. ఒక ఫోన్ నంబరే కావచ్చు.

మేం కొందరం కలిసి ఒక పేజీ కాగితం రాసినం. ఇక నుంచి మా తండాకు ఏ టీమ్ వచ్చినా ముందు దాని మీద సంతకం పెట్టాలె. మా దగ్గర తీసుకున్న సమాచారం తెలుగులో అచ్చు తీసి మాకు ఒక కాపీ ఇయ్యాలె. సర్వర్ ఆపే మూడు నెలల ముందు చెప్పాలె, ఎవరి లెక్క వాళ్లకు కాగితం మీద ఇయ్యాలె. ఊర్లో పని చేసిన పిల్లల పేర్లు పేపర్‌లో రావాలె. రికార్డు చేసిన గొంతు వేరేవాళ్లకు అమ్మాలంటే మళ్లీ వచ్చి అడగాలె. అన్నిటికన్నా పైన ఒక గడి ఖాళీగా పెట్టినం. "ఈ సమాచారం చూసి జవాబు చెప్పాల్సిన మనిషి పేరు, ఫోన్ నంబర్" అని ఉంటది దాని పక్కన.

మొన్న ఒక టీమ్ వచ్చింది. కాగితం ఇచ్చినం. అన్నీ ఒప్పుకున్నరు గాని ఆ గడి దగ్గర ఆగిన్రు. మేడమ్‌ను అడిగి చెప్తమని పోయిన్రు. ఇంకా రాలేదు. వాళ్లు రాకపోతే నష్టం కాదా అని మా తమ్ముడే నన్ను అడిగిండు. అవును, నష్టమే కావచ్చు. ఆరుగురు పిల్లలకు ఆరు నెలల జీతం పోయింది. ఆ మాట తండాలో నా ముఖం మీదనే అన్నరు. నేను దానికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్న, మీకేమన్నా తోస్తే చెప్పండి.

కాగితం కాపీలు వెనక బెంచీ మీద ఉన్నయి. మీ తండా పేరు, పెంట పేరు రాసుకుని దిద్దుకోండి. పెంటల నుంచి వచ్చినవాళ్లు తేనె, మందుల చెట్ల గురించి వేరే పేరా రాసుకోవాలె, అది మాకు రాయరాలేదు. మీరే రాయాలె, మధ్యాహ్నం బువ్వ తిన్నంక కూసుందాం. ఇక మీరు అడగండి.